సుట్టాల ముంగట కొట్లాడొద్దు

భార్గవి సెమినార్‌లో నోరు జారింది. జారిందంటే అబద్ధమాడిందని కాదు, పాపం, ఆ పిల్లకు తెలిసినంతలో అదే నిజం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ ఫైనలియర్‌లో పబ్లిక్ పాలసీ అని ఒక పేపరుంటది. ఆ క్లాసులో మధులత మేడం గ్రామసభల సంగతి చెప్పుకుంటా పోయి, చివరికి మాటవరసకు, "ఓట్లు లేకుండా, కొట్లాట లేకుండా, అందరూ ఒక్క మాట మీద నిర్ణయం తీసుకునే ఊరు మీలో ఎవరైనా చూశారా?" అని అడిగింది. ఎవరూ చూడలేదు. ఎట్ల చూస్తరు? అసలు అటువంటి ఊరంటూ ఉంటే కదా! ఇంకొంచెంసేపు ఊకుంటే గంట కొట్టేది, అందరూ క్యాంటీన్‌కి పోయేటోళ్ళు. కానీ భార్గవి లేచి నిలబడ్డది.

"మా తండా ఉంది మేడం," అన్నది. "పినపాక దగ్గర. నాకు బుద్ధెరిగినకాడి నుంచి మా తండాలో ఒక్క గొడవ చూడలే. అందరూ కూసుంటరు, తండా పెద్ద నాయక్ ఒక మాట చెప్తడు, అందరూ సరే అంటరు. అంతే."

"అంతేనా?" అని మేడం కళ్ళజోడు తీసింది. ఆమె కళ్ళజోడు తీసిందంటే మాట నచ్చిందని గుర్తు.

వెనక బెంచీ నుంచి సాయికృష్ణ అందుకున్నడు. వాడిది సత్తుపల్లి. వాడి నోటికి మూత లేదు. "మేడం, మా సత్తుపల్లిలో టీలో చక్కెర ఎంతెయ్యాలి అన్నదాని మీద కూడా రెండు పార్టీలవుతాయండి. వీళ్ళ తండాలో మనుషులే ఉంటారా, దేవతలుంటారా?"

క్లాసంతా గొల్లుమన్నది. భార్గవికి పౌరుషమొచ్చింది. "నమ్మకపోతే వచ్చి చూస్కో పో!" అన్నది.

మేడం ఆ మాటను అట్లనే పట్టుకున్నది. ఇదే నీ డిసర్టేషన్ అన్నది. బాగా రాస్తే హైదరాబాద్‌లో ఎం.ఫిల్. సీటు కోసం నేనే సిఫార్సు చేస్తనన్నది. ఎం.ఫిల్.! ఆ తండాలో ఇంటర్ దాటిన ఆడపిల్లే లేదు, ఇంక ఎం.ఫిల్. అంటే అదేదో మందుబిళ్ళ పేరనుకుంటరు. భార్గవికి ఆ రోజు నుంచి కాలు నేల మీద నిలవలే. చలికాలమంతా లైబ్రరీలో కూసొని చాప్టర్ల మీద చాప్టర్లు రాసేసింది. పేరు కూడా బరువైందే పెట్టింది: ఏకాభిప్రాయ ప్రజాస్వామ్యం, ఒక గిరిజన తండా అధ్యయనం. ఇంక మిగిలిందల్లా ఒక గ్రామసభను కండ్లార చూసి ఆఖరి చాప్టర్ రాయడమే. దానికి మేడం తానే వస్తనన్నది. వచ్చేటోళ్ళుంటే క్లాసు పిల్లలను కూడా తీసుకొస్తనన్నది. సాయికృష్ణ అందరికంటె ముందు చెయ్యి లేపిండు.

ఇప్పపూలు రాలే రోజులు. భార్గవి మణుగూరు బస్సు దిగి, రోడ్డు పక్కనున్న పైతండా దాటి, ఎండిన వాగు ఇసుకలో చెప్పులు చేత పట్టుకొని నడిచి, కిందితండాలోని వాళ్ళింటికి చేరింది. చేరేసరికి నీలం కుర్చీ ఆమెకంటె ముందే వచ్చి వాకిట్లో ఉన్నది.

ఆ కుర్చీ సంగతి కొంచెం చెప్పాలె. తండా మొత్తానికి చేతుల కుర్చీ అదొక్కటే. అది నాయక్ దేవ్‌సింగ్ ఇంట్లో ఉంటది. ఎవరింటికి సుట్టమొస్తే ఆ ఇంటికి పోతది, సుట్టం పోంగనే మళ్ళ నాయక్ ఇంటికి చేరుతది. ఎమ్మార్వో వచ్చినా అదే, పిల్లను చూడనీకి పెండ్లివారొచ్చినా అదే. కుర్చీకంటె పాతది ఇంకొక పట్టింపు కూడా ఉండె ఆ తండాకు: సుట్టాల ముంగట కొట్లాడొద్దు. మొగుడూ పెండ్లాం జుట్టూ జుట్టూ పట్టుకొని ఉన్నా సరే, గుమ్మంలో ఎవరన్నా చెప్పులిడిసిన సప్పుడు ఇనపడితే, "రా అన్నా, చాయ్ తాగుతవా?" అనాల్సిందే. కొట్లాట ఎటు పోతది? సుట్టం పోయినంక ఆపినకాడి నుంచే అందుకుంటరు.

"వచ్చినవా బిడ్డా! కూసో, కూసో," అని దాది హేమ్లి, అంటే భార్గవి నాయన తల్లి, కొంగుతో కుర్చీ దులిపింది. ముసలామె చేతులకు మోచేతి పైదాకా తెల్లగాజులు, కదిలితే గలగల. నాయన లాల్‌సింగ్ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతడు, షిఫ్టుకు పోయిండు. అన్న కూడా అక్కడే పని చేస్తడు. వదిన పుష్ప చంకలో కొడుకునేసుకొని, ఇంకో చేత్తో స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చింది.

భార్గవి కుర్చీలో కూసొని గొప్పగా చెప్పింది. మా మేడం వస్తది, మా తోటి పిల్లలొస్తరు, మన గ్రామసభ చూసి మెచ్చుకుంటరు, నేను హైదరాబాద్ పోత. "ఈసారి సభ దేని గురించి వదినా?"

"అంగన్‌వాడీ గురించి," అన్నది పుష్ప. "మన తండాకు కొత్తది శాంక్షనయిందట. యాడ కట్టాలో మనం తీర్మానం చేసి చెప్పాలెనట. దాని గురించే భార్గవమ్మా, నేను..." అని ఆగింది. హేమ్లి కండ్లతోనే వద్దన్నది.

"ఏంది వదినా?"

"ఏం లేదు. చాయ్ చల్లారుతుంది, తాగు."

భార్గవి తాగింది. చాయ్‌లో చక్కెర దండిగా ఉన్నది. ఆమె వచ్చినప్పుడు మాత్రమే అంత చక్కెర ఏస్తరని ఆమెకు తెల్వదు.

పొద్దుగూకక ముందే నాయక్ దగ్గరికి పోయింది. దేవ్‌సింగ్ గడప ముందర గొడ్డలికి పిడి తొడుగుతున్నడు. తలకు ఎర్ర రుమాలు, మీసం తెల్లగ, మనిషి నిటారుగ. "కాకా, సభ ఎప్పుడు పెడ్తరు? మా మేడం శనివారమైతే వస్తనంటుంది."

దేవ్‌సింగ్ పిడిని పక్కకు పెట్టి మీసం దువ్వుకున్నడు. సభ అసలు ఉగాది దాటినంక పెట్టేది. "ఎందరొస్తరు బిడ్డా?"

"జీపు నిండ వస్తరు."

"అయితే శనివారమే పెడదాం. సెక్రటరీ కోటేష్‌కు నేను చెప్త. తిండి సంగతి నాకిడిసిపెట్టు. పెద్దోళ్ళొచ్చి మన తండాల కూసుంటే అంతకన్న ఏం గావాలె!"

తన కోసం సభనే ముందుకు జరిపిండు, ఎంత మంచి కాకా అని భార్గవి పొంగిపోయింది. దేవ్‌సింగ్ మంచోడే, కాదన్నదెవరు? కానీ అమాయకుడు మాత్రం కాదు.

శనివారం జీపు వచ్చింది. మర్యాదల్లో తండా తగ్గలే. డప్పు కొట్టిండ్రు, బొట్టు పెట్టిండ్రు, నాటుకోడి కూరతోని జొన్నరొట్టెలు పెట్టిండ్రు. సాయికృష్ణ రొట్టె మీద రొట్టె తింటుంటే పెట్టే ఆడవాళ్ళు మురిసిపోయిండ్రు. "భార్గవీ, ఎం.ఏ. మానేసి ఇక్కడే ఉండిపోతానే," అన్నడు వాడు మూతి తుడుచుకుంటా. "ఇక్కడోళ్ళు నిన్ను మేపలేరు లే," అన్నది భార్గవి.

తిన్నంక మేడంకు తండా చూపించింది. పైతండా, కిందితండా, నడుమ వాగు. మేడం ఇసుకలో దిగి అటూ ఇటూ చూసి, "వాగు ఎక్కడుంది?" అని అడిగింది.

"ఇదే మేడం. మనం నిలబడ్డదే."

"నీళ్ళేవి?"

"వానాకాలం వస్తయి."

అంత మామూలుగ చెప్పేసింది. వాగు ఇసుకలో పిల్లలు గుంతలు తవ్వి ఆడుకుంటున్నరు. మేడం చక్కగ ఉందని ఫోటో తీసుకున్నది.

సభ పైతండాలోని బడి వరండాలో పెట్టిండ్రు. రోడ్డు మీది చాయ్ హోటల్ నుంచి కుర్చీలు తెప్పించి సుట్టాలకేసిండ్రు. నీలం కుర్చీ మేడంకు. పక్కన ఇంకో కుర్చీలో భార్గవి, ఒళ్ళో కాయితాలు, చేతిలో పెన్ను. షిఫ్టుకు పోయిన లాల్‌సింగ్‌లాంటోళ్ళు తప్ప తండావాళ్ళంతా కింద. పంచాయతీ సెక్రటరీ కోటేష్ కూడా కిందనే చాప మీద. ఆయనకెవరూ కుర్చీ ఎయ్యరు. పన్నుల కోసమని, పింఛన్ల కోసమని వారం వారం వచ్చేటోడు, ఆయన సుట్టమెట్లయితడు? ఆయన ముంగట తండా నిండుగ కొట్లాడుకుంటది. అందుకే ఆయన ఈ రోజు అందరి మొఖాలు చూసి, "ఏంది, ఇంత నిమ్మలంగ ఉన్నరు?" అని గాబరాపడ్డడు.

దేవ్‌సింగ్ లేచి దండం పెట్టిండు. "యూనివర్సిటీ నుంచి పెద్దలొచ్చిండ్రు. మన తండా పద్ధతి చూడనీకి వచ్చిండ్రు. మన అంగన్‌వాడీ బిల్డింగు పైతండాల, రోడ్డు పక్కన, మా ఇంటెనక జాగాల కడదామని నా మాట. సరే అన్నోళ్ళు చేతులు లేపుండ్రి."

ఒక చెయ్యి లేచింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ. పైతండావి లేచినయి, కిందితండావి లేచినయి. కోటేష్ పెన్ను మూత తీసేలోపే సభ అయిపోయింది.

"అద్భుతం భార్గవీ!" మేడం ఆమె చెయ్యి పట్టుకొని ఊపింది. "నేను పుస్తకాల్లో చదవడమే. కళ్ళారా ఇవాళ చూశాను."

"ఒప్పుకున్నా తల్లీ," అన్నడు సాయికృష్ణ. "మీరు దేవతలే."

భార్గవికి ఏనుగెక్కినంత అయింది. ఆఖరి చాప్టర్లో రాయనీకని అందరి మొఖాలు ఒకసారి చూసుకుంటా పోయింది. కోటేష్ లెక్క రాసుకునేదాక ఎవరూ చేతులు దించలే. హేమ్లి చెయ్యి పైకి ఉన్నది, తెల్లగాజులు మోచేతి మీదికి జారి ఉన్నయి. పక్కన పుష్ప. ఒక చేత్తో కొడుకును గట్టిగ పట్టుకొని, ఇంకో చెయ్యి లేపి కూసున్నది. కండ్లల్ల నీళ్ళు. తుడుచుకోనీకి చెయ్యి ఖాళీ లేదు.

వదిన ఎందుకు ఏడుస్తుంది? పైతండా, రోడ్డు పక్కన, వాగుకు ఇవతల. భార్గవికి అప్పుడు వెలిగింది. వాన పడిందంటే వాగు దాటుడు పెద్దమనుషులకే కష్టం. కిందితండా పిల్లలు అంగన్‌వాడీకి ఎట్లొస్తరు? పైతండా వాళ్ళకు రోడ్డెంట నడిస్తే పక్కూళ్ళె అంగన్‌వాడీ ఉండనే ఉంది. లేనిదే కిందితండాకు.

కుర్చీలో నుంచే వంగి హేమ్లి చెవిలో అడిగింది. "దాదీ, నువ్వెందుకు లేపినవ్ చెయ్యి?"

"సుట్టాలున్నరు గదా బిడ్డా," అన్నది హేమ్లి, పెదవులు కదలకుంట. "వాళ్ళ ముంగట లొల్లి ఎందుకు? జీపు పోయినంక అడుగుతం వాని సంగతి."

"పోయినంక ఏమడుగుతరు! కోటేష్ సార్ రాసుకున్నడంటే అయిపోయినట్టే. ఆయన ఇదే జీపుల మండలాఫీసుకు పోతుండు."

హేమ్లి మొఖం పాలిపోయింది. ఆ సంగతి ఆమెకు తట్టలే. ఆమెకే కాదు, చేతులు లేపిన కిందితండాలో ఎవరికీ తట్టలే. సుట్టాల ముంగట అన్న మాట మర్యాదకే, అసలు పంచాయితి తర్వాత అని వాళ్ళ లెక్క. ఎన్నడూ అట్లనే నడిచింది. దేవ్‌సింగ్‌కు మాత్రం తట్టింది. శనివారం అనంగనే మీసం దువ్వుకున్నది అందుకే.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలే? మొన్న వదిన చెప్పబోతే నువ్వే వద్దన్నవ్!"

"చలికాలం సంది కొట్లాడుతున్నం బిడ్డా దీని మీద. మీ నాయనకు, దేవ్‌సింగ్‌కు మాటల్లేవు. నీకు చెప్పి ఏం లాభం? సెలవులకొచ్చిన పిల్ల ముంగట కొట్లాడుకుంటమా? నువ్వు బస్సు దిగినవని తెలిస్తే అందరం ఆపుతం. చిన్నప్పటి సంది గంతే గదా."

భార్గవి చేతిలో పెన్ను ఆగిపోయింది. చిన్నప్పటి సంది! బడికి పోనీకి వాగు అడ్డమని ఊహ తెలిసీ తెలియకముందే హాస్టల్‌లో ఏసిండ్రు ఆమెను. పండుగకొకసారి, ఎండకాలానికొకసారి ట్రంకుపెట్టె పట్టుకొని వచ్చేది. వచ్చినప్పుడల్లా నీలం కుర్చీ వాకిట్లో ఉండేది. చక్కెర దండిగ ఏసిన చాయ్ ఉండేది. అందరూ నవ్వుకుంటా ఉండేటోళ్ళు. అంటే ఇన్నేండ్లు తను చూసింది తండాను కాదు, సుట్టం వచ్చిన తండాను. గొడవల్లేని తండా అని రాసిందంతా, పాపం, ఆమె కోసం ఆపిన గొడవల సంగతే.

ఏడుపొచ్చింది, సిగ్గయింది, దాని మీద కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెల్వలే. కోటేష్ రాస్తున్నడు. పక్కన మేడం మురిసిపోతా ఏదో గబగబ రాసుకుంటుంది. ఊకుంటే ఎం.ఫిల్. వస్తది. ఒక్క నిమిషం ఊకుంటే చాలు, జీపు స్టార్టయితది. లేస్తే మాత్రం రాసిన చాప్టర్లన్నీ తన చేతులతోనే వాగులో కలిపినట్టు. ఊకుందామనే అనుకున్నది. నిజంగనే అనుకున్నది. అప్పుడే పుష్ప కొడుకు తల్లి చేతిని కిందికి గుంజి, "అమ్మా, ఇంటికి పోదాం," అన్నడు.

భార్గవి కుర్చీలో నుంచి లేచింది. కాయితాలు కుర్చీ మీద పెట్టి, పోయి పుష్ప పక్కన కింద కూసున్నది. కూసొనే, వరండా అంతా ఇనపడేటట్టు అన్నది. "నేనొప్పుకోను కాకా."

కోటేష్ పెన్ను ఆగింది.

దేవ్‌సింగ్ నవ్వుతనే ఉన్నడు, కానీ పండ్లు బిగుసుకున్నయి. "ఏంది బిడ్డా గది? లేచి కుర్చీల కూసో. సుట్టాలున్నరు."

"ఉండనియ్. వాళ్ళు సుట్టాలు, నేను గాదు. వాన పడ్డంక మా కిందితండా పిల్లలు వాగెట్ల దాటాలె? నువ్వొచ్చి ఎత్తుకపోతవా?"

"నీకేం తెలుసు? హాస్టల్ల పెరిగినదానివి!"

"ఎందుకు పెరిగిన కాకా హాస్టల్ల? వాగు దాటలేకనే గదా! నన్ను పంపిండ్రు, సరే, నా నసీబు. ఇప్పుడు వీణ్ని కూడా పంపాలెనా? వీనికి ఇంకా పాలపండ్లు కూడా ఊడలే!"

అప్పుడు హేమ్లి లేచింది. మోకాళ్ళ మీద చేతులానిచ్చి, మెల్లగ, గాజులన్నీ గలగలమనంగ లేచింది. లేచి నోరు తెరిచింది. ఇంక చూడాలె! చలికాలం సంది ఆపుకున్నదంతా బయటపడ్డది. దేవ్‌సింగ్ పోయినేడు బోరింగు ఎవరింటి ముందర ఏయించుకున్నడు, అంతకుముందు కరెంటు స్తంభం ఎటు జరిపించుకున్నడు, చిన్నప్పుడు తన పెరట్ల సీతాఫలాలు ఎట్ల ఎత్తుకపోయిండు, అన్నీ తీసింది. పైతండా మొగోళ్ళు లేచిండ్రు. కిందితండా ఆడోళ్ళు లేచిండ్రు. మర్యాద కోసం మాట్లాడుతున్న తెలుగు ఎప్పుడో పోయింది, అంతా లంబాడీలోనే. పుష్ప గొంతు అందరికంటె పైన ఉన్నది. ఆ బక్క మనిషిలో అంత గొంతున్నదని భార్గవికి ఆ రోజే తెలిసింది.

"ఏమంటున్నారు? ఏమంటున్నారు?" అని సాయికృష్ణ కుర్చీ మీది నుంచి జారి భార్గవి పక్కకు చేరిండు.

"తిట్టుకుంటున్నరు."

"ఆహా! ఇది మా సత్తుపల్లే!" అన్నడు వాడు. పుట్టింటికొచ్చినంత సంబరంగ ఉన్నది వాడి మొఖం.

"అమ్మా, నేనేం రాయాలె ఇప్పుడు?" అని కోటేష్ చెమట తుడుచుకున్నడు. ఆయన గాబరా మాత్రం పోయింది. ఇదీ ఆయనకు తెలిసిన తండా.

లొల్లి తెగలే. రోడ్డు పక్కనైతే గుడ్ల బండి, బియ్యం బండి నేరుగ వస్తయని పైతండా వాళ్ళు, గుడ్లొచ్చి ఏం లాభం తినే పిల్లలు రాలేకపోతే అని కిందితండా వాళ్ళు. ఎటూ తేలేటట్టు లేదు. అప్పుడు దేవ్‌సింగ్ పెండ్లాం గంగక్క, అప్పటిదాక చాయ్ గ్లాసులు ఏరుకుంటున్న మనిషి, పళ్ళెం కింద పెట్టి నడుమ నిలబడ్డది.

"రోడ్డు, రోడ్డు అంటున్నరు. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు ఎట్ల పోతయో చూసిండ్రా?" అన్నది. "నా మనమడు మొన్న చేతులిడిపించుకొని ఉరికిండు. జరంతయితే చక్రం కింద పడేటోడు. పసిపోరగాండ్లను తీస్కపోయి లారీల పక్కన పెడతరా? నేనైతే మా వాణ్ని పంప. ఎండకాలం, చలికాలం వాగు దాటించి కిందికే తోలుత. వానాకాలం ఊళ్ళె అంగన్‌వాడీకి నేనే చెయ్యి పట్టుకొని తీస్కపోత."

"నువ్వు లోపలికి పో!" అన్నడు దేవ్‌సింగ్.

"పోను," అన్నది గంగక్క. అని, మొగుని ముంగటే చెయ్యి లేపింది. "కిందితండాల కడదామన్నోళ్ళు లేపుండ్రి."

కిందితండా మొత్తం లేపింది. పైతండాలో కూడా, ఒకరి మొఖం ఒకరు చూసుకుంటా, లారీలను తలుచుకుంటా, చానామంది ఆడోళ్ళు లేపిండ్రు. మొగోళ్ళు కొందరు లేపలే, వాళ్ళది వాళ్ళిష్టం. కోటేష్ రాసింది కొట్టేసి మళ్ళ రాసిండు. ఏకగ్రీవం అన్న మాట రాయలే. మెజారిటీ అని రాసిండు.

మేడం జీపు దగ్గరికి వచ్చింది. ఎక్కబోతా ఆగి, "భార్గవీ, నీ ప్రాజెక్టు టైటిల్ మార్చాలి," అన్నది.

"టైటిలొక్కటే కాదు మేడం. మొత్తం."

"మొత్తం. అంటే ఈ ఏడాది సబ్మిషన్‌కి అందదు. ఎం.ఫిల్. కూడా అందదు. నేను సిఫార్సు చేస్తానన్నది ఆ ప్రాజెక్టుకి."

"తెలుసు మేడం," అన్నది భార్గవి. దూరంగ హేమ్లి గాజులు ఇంకా గలగలమంటున్నయి, ఆమె లొల్లి ఇంకా అయిపోలే.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నది. "ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాను. ఎక్కడికి పోయినా నాకు కుర్చీ వేశారు," అన్నది. జీపెక్కి, కిటికీలో నుంచి, "వచ్చే ఏడాదికి రాయి. గట్టిగా రాయి," అన్నది. జీపు దుమ్ము లేపుకుంటా పోయింది.

ఆ మాపు భార్గవి నిద్రపోయేదాక ఏడ్చింది. ఎం.ఫిల్. పోయినందుకే ఏడ్చింది, దాంట్లో దాపరికమేం లేదు. ఎవరూ ఓదార్చలే. హేమ్లి మాత్రం పక్కన పండుకొని, "ఏడ్వు, ఏడ్వు, నిద్రపడుతది," అన్నది.

తెల్లారి లేచి వాకిట్లోకి వచ్చింది. కుర్చీ లేదు. పుష్ప చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది, అందులో చక్కెర అంతంతే. కూసోనీకి ఏం కనపడక భార్గవి గడపలోనే కూసున్నది. "ఏ పిల్లా, ఊరికె కూసున్నవేంది?" అన్నది పుష్ప. "తాగినంక బిందె పట్టు. బోరింగు కాడికి పోయి రాపో." భార్గవమ్మా అన్న పిలుపు ఎటు పోయిందో పోయింది.

బోరింగు పైతండాలో, నాయక్ ఇంటి ముందర. భార్గవి బిందె పెట్టి ఇంకా నాలుగు సార్లన్నా కొట్టలే, దేవ్‌సింగ్ ఇంట్లో నుంచి బయటికొచ్చిండు. రాత్రంతా గంగక్క చేతిలో పడ్డడేమో, కండ్లు ఎర్రగున్నయి.

"వచ్చినవా! సిగ్గుందా నీకు? ఇజ్జత్ తీసినవ్ గదా నాది! నిన్ను ఎత్తుకొని తిప్పింది నేను, ట్రంకుపెట్టె మోసుకపోయి హాస్టల్ల దించి వచ్చింది నేను, యూనివర్సిటోళ్ళ ముంగట నాకే ఎదురు మాట్లాడుతవా? రెండక్షరాలు నేర్చుకోంగనే నీకు కాకా కనపడతలేడా? నీ ఎమ్మేలు, నీ పిమ్మేలు..."

పుట్టినకాడి నుంచి భార్గవిని ఆ తండాలో ఎవరూ పల్లెత్తు మాట అనలే. ఇప్పుడు రోడ్డు దాకా ఇనపడేటట్టు అంటున్నడు కాకా. ఆమె మొదట బోరింగు కొట్టుడు ఆపింది. తర్వాత, ఏందో గని, కడుపులో నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే ఇంకా మండుతడని బోరింగు గట్టిగ కొట్టుకుంటా, ఆమె కూడా గొంతు పెంచింది. "ఇజ్జత్ గురించి నువ్వు మాట్లాడకు కాకా! సభను శనివారానికి ఎందుకు జరిపినవో తండాకు చెప్పమంటవా?"

"చెప్పు! చెప్పవే! నాకేం భయమా? నువ్వు పుట్టక ముందు నుంచి నేను..."

అప్పుడే రోడ్డు మీద మోటర్‌సైకిల్ ఆగింది. ఇత్తనాల కంపెనీ ఏజెంటట, మెడలో బ్యాగు, చేతిలో కరపత్రాలు. చెప్పులు దులుపుకొని, "నాయక్ గారిల్లు ఇదేనా అండీ?" అని అడిగిండు.

దేవ్‌సింగ్ నోరు తెరిచినోడు తెరిచినట్టే ఆగిండు. రుమాలు సర్దుకున్నడు. మీసం కింద నవ్వు తెచ్చుకున్నడు. "ఇదే, ఇదే! రాండ్రి సార్, ఎండల నిలబడ్డరేంది? చాయ్ తాగుతరా?" అన్నడు. ఆ నవ్వుతోనే భార్గవి దిక్కు తిరిగి, చెయ్యి ఊపిండు. "ఏ పిల్లా, చూస్తవేంది? పో, లోపల్నుంచి కుర్చీ తేపో."

భార్గవి బిందె అక్కడనే ఇడిసిపెట్టి ఉరికింది. నీలం కుర్చీని ఎత్తుకొచ్చి, కొంగుతో దులిపి, సుట్టానికేసింది.

"కూసోండ్రి సార్," అన్నది. "మా తండాల గొడవలేం ఉండయి."